షాటు కోసం విప్పిన దారం

లోవు, లౌటోకా, ఫిజీ
12 జనవరి 1976

మోహిని వదినకు,

చేతిలో టీ కప్పు ఉంటే ముందు కింద పెట్టు. నీ తమ్ముడు సినిమాలో చేరాడు.

నవ్వకు, నిజమే. ఎక్కడో పైదేశం నుంచి ఒక కంపెనీ వచ్చింది. కొండ ఎక్కడానికి వెళ్ళినవాళ్ళు పైన చిక్కుకుపోవడం, వాళ్ళను కాపాడటానికి ఇంకొందరు వెళ్ళడం, కథంతా అదేనట. కొండ సినిమా అంటే మంచు ఉండాలి కదా అని అడిగాను. ఈ కథలో మంచు లేదట, వానే విలనట. హీరోకి ఎత్తంటే భయం. వెనక నుంచి చూస్తే అతను, నీ తమ్ముడు ఒక్కలాగే ఉన్నారని ఎవరో కనిపెట్టారు. అందుకని హీరో వేసుకునే ఎర్ర కోటు తొడుక్కుని నీ తమ్ముడు ఎక్కుతాడు, మొహం మాత్రం హీరోది చూపిస్తారు. మళ్ళీ చెరకు కొట్టేదాకా మన లారీకి పని లేదు కాబట్టి ఇంట్లో ఎవరూ వద్దనలేదు. ఈ కబురు మోసుకొచ్చింది నా తమ్ముడు జై. వాడు కంపెనీ ట్రక్కు నడుపుతున్నాడు.

"నిప్పుల మీద నడిసేటోనికి రాయి ఒక లెక్కనా?" అని మామయ్య మీసం తిప్పాడు. అత్తమ్మ మాత్రం వాకిట్లో కూర్చుని కొండలవైపు చూస్తోంది. నేను ఏ పని మొదలుపెట్టినా సగంలో లేచిపోతున్నాను. పప్పు రెండుసార్లు మాడింది.

ఇంగ్లీషులో రాస్తే ఇంట్లో అందరూ చదువుతారు. తెలుగైతే మామయ్య ఒక్కడే చదవగలడు, ఆయనకేమో కళ్ళజోడు ఎప్పుడూ దొరకదు. కాబట్టి నువ్వూ తెలుగులోనే రాయి.

నీ మరదలు
కౌశల్య


సువా
20 జనవరి

కౌశల్యా,

టీ కింద పెట్టకుండానే చదివాను, చీర మీద ఒలికింది. కొత్త చీర. నరసింహ వచ్చినప్పుడు వాడికే చెబుతాను.

చిన్నప్పుడు మామిడిచెట్టు ఎక్కి, దిగడం రాక సాయంత్రందాకా ఏడ్చినవాడు వీడు. నాన్న నిచ్చెన వేస్తే "నేనే దిగుతున్నా" అని బడాయి. కంపెనీవాళ్ళకి ఆ సంగతి ఎవరైనా చెప్పారా?

వద్దంటే వినడు, వాడి సంగతి నాకు తెలుసు. మాట తీసుకో. వాడు నోటితో ఒప్పుకున్నది తప్పడు, ఆ ఒక్క గుణం నాన్నది వచ్చింది. ఇక్కడ తెలుగు సంఘంవాళ్ళ ఉగాది నాటకానికి పిల్లలకి పద్యాలు నేర్పుతున్నాను. ఒక్కడికీ నోరు తిరగడం లేదు, "టీచర్, హిందీలో చేసేద్దాం" అంటున్నారు. వాళ్ళ మీద అరుస్తుంటే మధ్యలో నరసింహ గుర్తొచ్చి ఏ పద్యం దగ్గర ఆగానో మర్చిపోయాను.

మోహిని


లోవు
18 ఫిబ్రవరి

వదినా,

మాట తీసుకున్నాను. అమ్మవారి గుడిలో పసుపు దారం చేయించి, పూజారి చేత మంత్రించి, ఆయన కుడి చేతి మణికట్టుకి నేనే కట్టాను. "వాన పడితే పైకి ఎక్కను" అని నా చేతిలో చెయ్యి వేశాడు. జై చేత కూడా ఒట్టు వేయించుకున్నాను: ట్రక్కు తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదని. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచినదాన్ని నేను. వాడు నాకు తమ్ముడో కొడుకో ఇప్పటికీ తేలలేదు.

కానీ ఆ దారం సంగతి విను. షాటు తీసేముందు ఒక తెల్లపిల్ల వచ్చి వీళ్ళ చేతులు, మెడలు, బూట్లు అన్నీ చూస్తుందట. హీరో చేతికి దారం లేదు కాబట్టి ఈయన చేతికీ ఉండకూడదట. అందుకని ప్రతి షాటుకీ దారం విప్పి జై చొక్కా జేబులో వేస్తున్నాడు. షాటు అయ్యాక జై మళ్ళీ కడుతున్నాడు. అమ్మవారి దారమా, బూటు లేసా అని నేను ఎగిరాను.

"దీదీ, ఫికర్ నై. షాట్‌ల దారం కనబడితే కట్ చేసి మల్ల తీస్తరు. దినమంతా బర్బాద్," అన్నాడు జై.

నీ తమ్ముడు నవ్వుతూ, "షాట్‌ల ఉన్నప్పుడు నేను హీరోని గదా. హీరోకి ఏం కాదు. షాట్ అయినంక నేను నేనే, అప్పుడు దారం ఉంటది," అన్నాడు. ఈ తెలివికి ఏమనాలి చెప్పు.

రేపు అందరూ సింగటోకా నది పుట్టే ఎత్తు కొండల్లోకి వెళుతున్నారు. ఆఖరి భాగం అక్కడేనట.

కౌశల్య


లోవు
9 మార్చి

వదినా,

టెలిగ్రాం అందే ఉంటుంది. తుఫాను వస్తోందని కంపెనీ అందరినీ కిందికి పంపేసింది. అందరూ వచ్చారు. ఆయన రాలేదు. కొండ చరియ విరిగి నదిలో పడిందట, ఆయన దానితోపాటు పోయాడంటున్నారు. తలకి పెట్టుకునే టోపీ, కొంచెం తాడు దొరికాయి. మనిషి దొరకలేదు.

జై తడిసి ముద్దయి వచ్చాడు. "నేను కింద ట్రక్ దగ్గరే ఉన్నా దీదీ. బావ పైకి ఎందుకు పోయిండో నాకు మాలూం లేదు," అన్నాడు. ఆ ఒక్క ముక్కే పదిసార్లు చెప్పాడు. కెమెరా కూడా ముందే దించేశామని కంపెనీవాళ్ళు పోలీసులతో చెప్పారట.

వాన పడుతుంటే ఎందుకు ఎక్కాడు వదినా? నాకు మాట ఇచ్చాడు కదా.

త్వరగా రా.


సువా
14 ఏప్రిల్

కౌశల్యా,

నిన్ను ఆ స్థితిలో వదిలి బస్సెక్కాను, అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడినుంచి రాస్తున్నాను. కోపం వస్తే రానీ.

వాడికి చేయవలసింది చేసేద్దాం. అమ్మ రోజూ వాడికి కంచం పెడుతోంది, చల్లారాక కుక్కకి వేస్తోంది. ఇలా ఎన్నాళ్ళు? ఈ ఏడు కూడా అగ్నిగుండానికి నాన్నే ముందు నడవాలి. ఇంట్లో మనిషి ఉన్నాడో పోయాడో తేలకుండా అమ్మవారి కరగం కుండ తలకెత్తకూడదని పూజారి అన్నాడట. నాన్న నీతో అనలేక నాతో అన్నాడు. నీ తమ్ముడు జై అందరికంటే ముందు ఒప్పుకున్నాడు. పోలీసులు వెతకడం ఎప్పుడో ఆపేశారు.

వాడు నా తమ్ముడు కౌశల్యా. నేను సంతోషంగా రాస్తున్నానా ఇది?

మోహిని


లోవు
6 మే

వదినకు,

మీరందరూ అనుకున్నట్టే జరిగింది కదా. ఇప్పుడు నేను చెప్పేది విను.

దర్భలతో బొమ్మ చేసి దానికి ఆయన నీలం చొక్కా తొడిగారు. సముద్రం ఒడ్డున కాల్చారు. ఆ బొమ్మ కాళ్ళు పొట్టిగా ఉన్నాయి. ఈయన కాదు, ఈయన ఇంకా పొడుగు అని అరవాలనిపించింది. నా గాజులు తీశారు. తాళి తీసి అత్తమ్మ బియ్యం డబ్బాలో దాచింది. నువ్వు నా పక్కనే నిలబడి నా చెయ్యి పట్టుకున్నావు. ఓదార్చడానికి పట్టుకున్నావో, కదలకుండా పట్టుకున్నావో నాకు ఇంకా తెలియడం లేదు.

ఆయన బతికే ఉన్నాడని నేను చెబుతూనే ఉన్నాను. పిచ్చిదన్నారు. ఇప్పుడు అందరికీ మనసు కుదుటపడింది, నాకు తప్ప.

కొన్నాళ్ళు నాకు రాయకు.

కౌశల్య


లోవు
27 మే

వదినా, వదినా,

వచ్చాడు!

సింగటోకా నుంచి వచ్చే వంకాయల లారీ మా వాకిట్లో ఆగింది. బుట్టల మధ్య నుంచి కర్ర పట్టుకుని దిగాడు. సగానికి సగం అయ్యాడు, గడ్డం పెరిగింది. అత్తమ్మ చూసి కెవ్వుమంది. దయ్యమైతే పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని మామయ్య ముందు ఆయన కాళ్ళు చూశాడు. ఖర్మకొద్దీ విరిగిన కాలు పక్కకి తిరిగి అతుక్కుంది! అత్తమ్మ పసుపునీళ్ళ చెంబు విసిరింది. అది ఆయన నుదుటికి తగిలి రక్తం వచ్చింది. రక్తం చూశాకే నమ్మారు.

నది ఆయన్ని ఎక్కడో లోపలి ఊరి దగ్గర ఒడ్డుకి వేసిందట. ఆ ఊరి ఫిజీవాళ్ళు ఎత్తుకెళ్ళి ఆకులు కట్టి, దుంపల గంజి పోసి బతికించారు. దవడ పగిలి చాలాకాలం మాట రాలేదు, జ్వరంలో పేరు కూడా చెప్పలేకపోయాడు. దారులన్నీ కొట్టుకుపోయాయి. నడక రాగానే వాళ్ళే వెదురు తెప్ప మీద సింగటోకా దాకా దింపారు.

మణికట్టుకి దారం లేదు. "నదిల పోయింది," అన్నాడు. అంతే అన్నాడు.

ఆయన్ని ఇంట్లోకి రానివ్వడం లేదు. కర్మ జరిగిపోయిన మనిషట. లారీ షెడ్డులో మంచం వేశారు. నేను గడప లోపల, ఆయన షెడ్డులో. పూజారికి ఏమీ తెలియదు. నువ్వే సువాలో పెద్దవాళ్ళనెవరినైనా అడుగు. కోపంతో రాసిన ఉత్తరం చింపెయ్యి.

నీ
కౌశల్య


సువా
8 జూన్

కౌశల్యా,

ఉత్తరం చదువుతూ స్టాఫ్‌రూమ్‌లో గట్టిగా ఏడ్చాను. ఎవరో చచ్చారనుకుని హెడ్‌మాస్టర్ నాకు సెలవు ఇచ్చాడు.

రామ్ నారాయణ మాస్టారిని అడిగాను. పాత పుస్తకాలు తిరగేసి చెప్పాడు. బతికుండగా కర్మ జరిగిపోయిన మనిషి మళ్ళీ పుట్టాలట. పుట్టిన పిల్లాడికి చేసినట్టే స్నానం, నాలుక మీద తేనె, నాన్న చెవిలో పేరు చెప్పడం, అన్నీ చెయ్యాలట. ఆ తర్వాత అదే భార్య మెడలో మళ్ళీ తాళి కట్టాలి. అప్పటిదాకా మీరు మొగుడూ పెళ్ళాం కారు.

నరసింహని తొట్టిలో కూర్చోబెట్టి అమ్మ నీళ్ళు పోస్తుంటే నేను చూడాలి! జోలపాట నేనే పాడతాను. చెరకు పని మొదలయ్యేలోపు రెండూ అయిపోవాలని నాన్న తొందరపడుతున్నాడు. నీకు ఎర్ర చీర కొన్నాను.

మోహిని


నటబువా
2 జులై

వదినా,

చీర బీరువాలో పెట్టు. నేను జై ఇంటికి వచ్చేశాను.

నీ తమ్ముడు పుట్టాడు, పేరు పెట్టారు, అంతా చూశాను. తేనె నాకేటప్పుడు అందరితోపాటు నేనూ నవ్వాను. ఆ సాయంత్రం ఆయన్ని ఒక్క మాట అడిగాను. "వానలో ఎక్కనని నా చేతిలో చెయ్యి వేశావు. ఎందుకు ఎక్కావు?" నేలవైపు చూశాడు. "ఎక్కాలనిపించింది, ఎక్కినా. ఇప్పుడు అదెందుకు?" అన్నాడు. మూడుసార్లు అడిగినా అదే జవాబు. సినిమా కోసం నా మాట కాలికింద వేసి తొక్కాడన్నమాట. ఆ మాట మీదే కదా నేను అంతమందితో పోట్లాడాను, ఎక్కనన్నవాడు చరియతో పోడు, బతికే ఉన్నాడని!

మొదటిసారి పెళ్ళికి నన్నెవరూ అడగలేదు. చీర కట్టి కూర్చోమన్నారు, కూర్చున్నాను. తర్వాత తాళి తీస్తామన్నారు, అప్పుడూ అడగలేదు. ఇప్పుడు మళ్ళీ కడతామంటున్నారు. ఆయన్ని చంపి పుట్టించారు, బాగానే ఉంది. నన్ను మాత్రం బియ్యం డబ్బాలోంచి తీసి వాడుకుందామనుకుంటున్నారు. ఇప్పుడు నాకు మొగుడు లేడని మీ మాస్టారే అన్నాడు కదా. అయితే నేను కాదనొచ్చు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పనివాడికి నేను మెడ వంచను.

జైకి తెలుగు చదవడం రాదు కాబట్టి వాడి ఎదురుగానే రాస్తున్నాను. వాడికేదో అయింది. నాతో కూర్చుని తినడు. సినిమా మాట ఎత్తితే లేచి బయటికి పోతాడు. బావ వచ్చిన రోజున కాళ్ళమీద పడి ఏడ్చాడు, మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరి నోటికీ తాళమే. ఇల్లంతా తిరుగుతూ ఉంటాను, ఏం వెతుకుతున్నానో నాకే తెలియదు.

కౌశల్య


సువా
9 నవంబరు

కౌశల్యా,

దీపావళికి లోవు వెళ్ళాను. నిన్ను చూడకుండా వచ్చేశానని తిట్టుకుంటున్నావని తెలుసు. నీ గుమ్మం దగ్గర ఏం మాట్లాడాలో తోచక బస్సు దిగలేదు.

వాడితో యంగోనా తాగుతూ కూర్చున్నాను. మత్తులోనైనా చెబుతాడని నేనే చిప్ప మీద చిప్ప నింపి ఇచ్చాను. నాకు నాలుక మొద్దుబారింది కానీ వాడు నోరు విప్పలేదు. "వొదిలెయ్ అక్కా. కౌశల్య కోపం మంచిదే. నా మీద ఉండనీ," అన్నాడు. నా మీద ఉండనీ అంటే ఏమిటి? ఇంకెవరి మీద ఉండాలి? అప్పటినుంచి ఆ మాట నా చెవిలో తిరుగుతోంది.

ఇంకో సంగతి. చెరకు మిల్లుకి వెళ్ళేటప్పుడు నరసింహ లారీ నటబువా దగ్గర ప్రతిసారీ ఎందుకు నీరసపడుతుందని వెనక డ్రైవర్లు గొడవ చేస్తున్నారట. ఇంజను బాగానే ఉందని నాన్న అన్నాడు.

ఆ దిక్కుమాలిన సినిమా త్వరలో లౌటోకా వస్తుందని పేపర్లో పడింది. ఎవరు చూస్తారో చూడనీ. మనం చూడొద్దు.

మోహిని


నటబువా
20 ఫిబ్రవరి 1977

వదినా,

లారీ నీరసపడటం నాకూ తెలుసు. హారన్ కొట్టడు, తల తిప్పడు, గేటు ముందు నత్తలా పోతాడు. కర్టెన్ వెనక నేనున్నానని ఆయనకీ తెలుసు.

సినిమా వచ్చే శనివారం మొదలు. నేను చూస్తాను. నా సంసారాన్ని మింగిన కొండ ఎలా ఉందో చూడాలి. జై కూడా వస్తాడు, ఒక్కదాన్ని పంపడానికి ఇష్టం లేక ఒప్పుకున్నాడు. ఆయన్నీ రమ్మను. నా పక్కన కూర్చుని, దేనికోసమైతే నాకిచ్చిన మాట తప్పాడో అది నాకు చూపించమను. పెళ్ళిచూపులనుకోమని చెప్పు. నచ్చకపోతే హాల్లోంచే లేచి వచ్చేస్తాను.

కౌశల్య


నటబువా
1 మార్చి

వదినా,

శనివారం మధ్యాహ్నం ఆటకి వెళ్ళాం. కుడివైపు ఆయన, ఎడమవైపు జై, మధ్యలో నేను. ఊరంతా వచ్చింది. తెలిసిన కొండ కనబడితే చాలు, జనం ఈలలు. వెనక వరసలోంచి ఎవరో "నర్సింహా, హీరో బన్ గయా!" అని అరిచారు. ఆయన కుర్చీలో కిందికి జారాడు.

నేను కథ చూడలేదు. ఎర్ర కోటు వేసుకున్న మనిషి వెనక నుంచి కనబడినప్పుడల్లా మణికట్టు చూశాను. బోడిగా ఉంది. ప్రతిసారీ బోడిగానే ఉంది. ఎన్నిసార్లు విప్పాడో అని పళ్ళు కొరుక్కున్నాను.

చివర్లో వాన మొదలైంది. అది కంపెనీవాళ్ళు గొట్టాలతో కురిపించిన వాన కాదు వదినా, మనం ఎరిగిన వాన. హీరో స్నేహితుడు నీలం కోటులో ఒక రాయి పట్టుకుని వేలాడుతున్నాడు. కింద నది. పైనుంచి ఎర్ర కోటు మనిషి తాడు పట్టుకుని దిగాడు. కిందికి చెయ్యి చాచాడు. కోటు చెయ్యి వెనక్కి జరిగింది.

మణికట్టుకి పసుపు దారం ఉంది.

షాటు అయితే దారం ఉండదు కదా. అంటే అది షాటు కాదు. అక్కడున్నది హీరో కాదు, ఈయనే. నీలం కోటువాణ్ణి భుజం మీద నిలబెట్టి పైకి తోశాడు. వాడు ఈయన తలమీద కాలు పెట్టి పైకి పాకి, వెనక్కి చూడకుండా పరుగెత్తాడు. అప్పుడు చరియ విరిగింది. ఎర్ర కోటు నదిలోకి పోయింది. హాలంతా లేచి ఈలలు వేసింది, చప్పట్లు కొట్టింది. కెమెరా ముందే దించేశామన్నారే! ఎదురు కొండ మీదినుంచి అంతా తీస్తూనే ఉన్నారు వదినా, అమ్ముకున్నారు కూడా. తర్వాతి సీనులో హీరో హెలికాప్టర్లో నవ్వుతున్నాడు. జుట్టు కూడా తడవలేదు.

జై లేచి బయటికి వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు నీలం కోటు ఎవరో తెలిసింది.

ఈయన వైపు తిరిగాను. "ఎందుకు చెప్పలేదు?" అన్నాను. జై వెళ్ళిన గుమ్మంవైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "వాడు ఏలాడుతుంటే నీకిచ్చిన మాట గుర్తొచ్చింది. తప్పింది గూడా గుర్తే. నేను పోతే నీకి జై అన్నా ఉంటడు అనుకున్నా. తిరిగొచ్చినంక నిజం చెప్తే నీకి వాడు భీ లేకుండా పోతడు. అందుకే నా మీదే ఉండనీ అనుకున్నా."

వదినా, నాకు ఏడుపు రాలేదు. మొదట ఈయన్ని కొట్టాలనిపించింది. ఇన్ని నెలలు నన్ను కర్టెన్ వెనక నిలబెట్టినందుకు.

జై మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "దీదీ, ఒక్కసారి ఎక్కి చూడాలనుకున్నా. పెద్ద షాట్ అని నాకు ఆ నీలం కోటు ఇచ్చిన్రు. తుఫాను అంత జల్దీ వస్తదని తెలీదు. డర్‌తోటి భాగిపోయినా. బావ సచ్చిపోయిండనుకున్నా, అందుకే కర్మ చెయ్యమన్నా," అని తల పట్టుకున్నాడు. నాకు వాడి మీద కోపం ఉంది, చాలా రోజులు ఉంటుంది. కానీ వాణ్ణి అక్కడ వదిలి రాలేకపోయాను. లే, ఇంటికి పోదాం, అన్నం తిందాం అన్నాను. ముగ్గురం కలిసి తిన్నాం. జై రెండోసారి అన్నం అడిగాడు.

వెళ్ళేటప్పుడు నీ తమ్ముడు గేటు దగ్గర కుంటికాలు ఈడుస్తూ ఆగాడు. అడగడానికి వచ్చినవాడు అడగాలి కదా అన్నాను. చెవులు ఎర్రబడ్డాయి. "కౌశల్యా, నన్ను చేసుకుంటవా?" అన్నాడు. ఆలోచించుకుని చెబుతానన్నాను. లారీ ఎక్కబోతుంటే సరే అని అరిచాను.

బీరువాలోంచి ఆ ఎర్ర చీర తియ్యి. మంచిరోజు మామయ్యని చూడమను. పెళ్ళిలో నా దోసిట్లో పేలాలు పోసేది జై. వాడు చేతులు వణుకుతాయంటున్నాడు. వణికినా వాడే పొయ్యాలి. బియ్యం డబ్బా తాళి ఎలాగూ ఉంది, అత్తమ్మ దాన్ని కడిగి ఉంచితే చాలు.

పసుపు దారం మాత్రం తాళికంటే ముందు ఆయన చేతికి నేను కడతాను. అది విప్పేది లేదని, సినిమాకైనా, లారీకైనా, స్నానానికైనా, గేటు దగ్గరే చెప్పేశాను.

నీ మరదలు
కౌశల్య